గొంతు అడుగున దాగిన అక్షరాలు

మఫ్రత్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తన కూతురు నలుగురిలో నోరు విప్పితే ఆ నలుగురూ నవ్వుతారని.

ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. అమ్మ మంచాన పడితే ఏడో తరగతిలోనే బడి మానేసింది. కొన్నేళ్ల తర్వాత స్నేహితురాలి పెళ్లిలో పదిమందిలో ఏదో చదవబోయి తడబడితే అందరూ నవ్వారు. అప్పటినుంచీ జనంలో ఆమె నోరు మెదపదు.

ఆ శుక్రవారం పొద్దున మఫ్రత్ ఆ సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం కోసం చేప ముక్కలు వేయిస్తోంది. పక్కన గిన్నెలో వెల్లుల్లి, కొత్తిమీర నూరి నీళ్లలో కలిపి పెట్టుకుంది. బయట ద్రాక్ష పందిరి కింద మావగారు నెర్యో ఆరేళ్ల మనవరాలు తోవోకి పాఠం చెబుతున్నాడు.

"అలా కాదే పిచ్చిమొద్దూ! పెదాలతో కాదు, ఆ అక్షరం గొంతు అడుగునుంచి రావాలి. బావిలోంచి చేదతో తోడినట్టు తోడు!"

"నా బావిలో నీళ్లు లేవు తాతా."

"నిన్న ఐస్‌క్రీమ్ కోసం ఏడ్చినప్పుడు పొంగి పొర్లింది కదే!"

ఆయన పద్ధతి ఒకటుంది. ముందు వాక్యం హీబ్రూలో, బుఖారా పెద్దలు పలికినట్టే. వెంటనే దాని అర్థం ఇంటి భాషలో, ఒక రాగంలో. ఆ అర్థం ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్ల తాత నోటినుంచి ఆయన నోటికొచ్చింది. ఊళ్లో మొత్తం తెలిసినవాడు ఇప్పుడు ఆయనొక్కడే.

మఫ్రత్ అట్లకాడ పట్టుకునే బయటికొచ్చింది. రాత్రంతా మింగిన మాట ఇక ఆగలేదు.

"మావయ్యా, ఇక చాలు. దానికి ఇవి నేర్పకండి."

"ఏమైందమ్మా?"

"నిన్న పిల్లల తరగతిలో అందరూ నవ్వారట. ఆ కొత్త మాస్టారు పిన్హాస్ చెప్పాడు, 'ఇప్పుడు ఎవరూ అలా పలకరక్కా, నేను కొత్త పద్ధతి నేర్పుతాను' అని."

"పాలపళ్లు ఊడినప్పుడు కూడా నవ్వారు. అలాగని పళ్లు మొలవడం మానేశాయా?"

"మీకు నవ్వులాటే! నవ్వులపాలైంది మీరు కాదు. మీ పాత చదువు మీతోనే..."

మాట మధ్యలో తెగింది. అన్నంత మేరకే గుచ్చుకుంది. నెర్యో మనవరాలి తల మీద చెయ్యి వేసి, పుస్తకం ముద్దుపెట్టుకుని మూశాడు.

"సరేనమ్మా. నువ్వు తల్లివి. అదిగో, చేప మాడుతోంది."

ఆ రోజు నుంచి పందిరి కింద చప్పుడు లేదు. వద్దన్న ఇంట్లో చెప్పే నోరు తెరవకూడదన్నది ఆయనకి తాత పెట్టిన కట్టుబాటు. భోజనాల దగ్గర కూడా హీబ్రూలో ప్రార్థన చెప్పి ఊరుకునేవాడు. "అర్థం ఏది తాతా?" అని తోవో అడిగితే, "మీ మాస్టారు చెబుతాడులే" అనేవాడు. మఫ్రత్ భర్త హియో మాత్రం ఒకటే అన్నాడు. "ఇల్లు మూగబోయిందే."

మూడు వారాలకి అత్తగారు సివ్యో సంవత్సరీకం వచ్చింది. ముందు గదిలో మగవాళ్లు, లోపలి గదిలో ఆడవాళ్లు. పళ్లాల నిండా ఎండు ఆప్రికాట్లు, దానిమ్మ గింజలు. పిన్హాస్ మాస్టారు కూడా ఓ మూల కూర్చున్నాడు.

నెర్యో 'కొండల వైపు కళ్లెత్తుతాను' అనే కీర్తన ఎత్తుకున్నాడు. సివ్యోకి హీబ్రూ రాదు. బతికున్నన్నాళ్లూ గుమ్మం దగ్గర కూర్చుని, ఇంటి భాషలో వచ్చే అర్థం కోసమే ఎదురుచూసేది. లోపలి ఆడవాళ్లంతా ఇప్పుడు అలాగే చెవులప్పగించారు.

మొదటి వాక్యం అయింది. అర్థం రాలేదు.

"ఏమయ్యా నెర్యో, మేమూ ఉన్నాం ఇక్కడ!" లోపలినుంచి ఓ ముసలమ్మ కేకేసింది.

ఆయన అర్థం ఎత్తుకోబోయాడు. కళ్లు భార్య కూర్చునే గుమ్మం మీద పడ్డాయి. ఒకసారి ప్రయత్నించాడు, ఇంకోసారి. రాలేదు.

సరిగ్గా ఆ గుమ్మంలోనే మఫ్రత్ టీ పళ్లెంతో నిలబడి ఉంది. అర్థం ఆమె నోట్లోంచి వచ్చింది, రాగంతో సహా. పదేళ్లుగా రొట్టెల పిండి పిసుకుతూ విన్నది. ఎవరూ నేర్పలేదు. మావగారు రెండో వాక్యం హీబ్రూలో అందిస్తే అదీ ఆయన వెంటే పలికి, అర్థం చెప్పింది. గొంతు అడుగున ఉండాల్సిన అక్షరాలు అక్కడినుంచే వచ్చాయి.

అప్పుడు తెలిసింది ఆమెకి, అందరూ తననే చూస్తున్నారని. ఇప్పుడు నవ్వుతారు అనుకుంది.

ఎవరూ నవ్వలేదు. మూడో వాక్యం తోవో అందుకుంది, తల్లి కొంగు పట్టుకుని, గట్టిగా.

కీర్తన అయ్యాక పిన్హాస్ లేచి వచ్చాడు. "అక్కా, ఇలా పలికేవాళ్లు ఉండేవారని చదువుకున్నాను. ఇంకా ఉన్నారని తెలీదు. తప్పు నాది. నన్నూ నేర్చుకోనిస్తారా?"

మఫ్రత్ పళ్లెం కింద పెట్టి మావగారి ముందు కూలబడింది. "మావయ్యా, ఆ రోజు నేను..."

"ఊరుకో పిచ్చిదానా," అన్నాడు నెర్యో కళ్లు తుడుచుకుంటూ. "దొంగా! పదేళ్లు నా ఇంట్లోనే ఉండి నా చదువంతా ఎత్తుకుపోయావు. మీ అత్త చూసుంటే ఎంత మురిసిపోయేదో!"

ఇప్పుడు పందిరి కింద ముగ్గురు శిష్యులు. అందరికన్నా ఎక్కువ చీవాట్లు తినేది మాస్టారే.

"నీ బావిలో ఇసుకుందయ్యా," అంటాడు నెర్యో.

తరగతిలో పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నవ్వుతారు. తోవో కూడా వాళ్లతో కలిసి నవ్వి, మళ్లీ అలాగే పలుకుతుంది. మఫ్రత్ భయం పూర్తిగా పోలేదు. తల్లి భయం కదా, పోదు. కాకపోతే ఇప్పుడది మావగారి వైపు తిరిగింది.

నెర్యోకి ఎనభై రెండేళ్లు. మంగళవారాలు పొద్దున మఫ్రత్ బజారుకి, తోవో బడికి, హియో పనికి వెళ్తారు. మఫ్రత్ తిరిగొచ్చేదాకా ఓ రెండు గంటలు ఆయన ఒక్కడే ఉంటాడు. మీలో ఎవరైనా బుఖారాలో ఆ పాత వీధి మీదుగా వెళ్తుంటే, మల్బరీ చెట్టుకి ఎదురుగా ఉన్న నీలం తలుపు ఓసారి తట్టండి. ఆయన టీ తాగాడో లేదో చూసి రండి. తాగేశానంటే నమ్మకండి, కెటిల్ వేడిగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూడండి.