సరస్సులో దొరకని మనిషి

చెక్కమెట్ల మీద ఒక జత చెప్పులు. పక్కన మడతపెట్టిన తెల్ల గౌను, దానిమీద ఫోను. మనిషి లేదు.

రాజధానిలోకెల్లా ఖరీదైన హోటలది. అతిథులు ఈత కొట్టడానికని సరస్సులోకి ప్రత్యేకంగా మెట్లు కట్టించారు. ఉదయం ఆరున్నరకు ఈతకెళ్ళిన భార్య తిరిగి రాలేదని భర్త ఫిర్యాదు చేశాడు. మధ్యాహ్నం దాటినా గజ ఈతగాళ్ళకు ఏమీ దొరకలేదు.

ఇన్‌స్పెక్టరమ్మకు ఒళ్ళు మండిపోతోంది.

గేటు కెమెరాల్లో ఆవిడ బయటికి వెళ్ళిన జాడ లేదు. స్పాలో కెమెరాలుండవనీ, జిమ్ వైపుది రిపేరులో ఉందనీ మేనేజర్ నవ్వుమొహంతో చెప్పాడు. విషయం పేపర్లకు ఎక్కకుండా చూడమని అదే నవ్వుతో బతిమాలాడు. ఈలోగా డీసీపీ నుంచి ఫోన్ మీద ఫోన్. భర్త పెద్ద కాంట్రాక్టరట, పైన అందరూ తెలిసినవాళ్ళేనట.

ఆ పెద్దమనిషి లాబీలో సోఫాలో కూర్చున్నాడు.

"ఆవిడకి ఈత బాగా వచ్చా?"

"వచ్చు. చూపే తక్కువ. కళ్ళజోడు లేకపోతే గోడ పట్టుకుని నడుస్తుంది."

"మీ మధ్య గొడవేమైనా జరిగిందా?"

"ఎందుకు జరుగుతుంది? నా మాటకి ఎదురు చెప్పదు."

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ ఒడ్డుకు వెళ్ళింది. శవం తూము వైపు కొట్టుకుపోయి ఉంటుందన్న ఎస్సై మీద కారణం లేకుండా విసుక్కుంది. చెప్పులు, గౌను, ఫోను మరోసారి చూసింది. గౌను జేబులు తడిమింది. ఖాళీ.

అక్కణ్ణుంచి నేరుగా హోటల్లోని బ్యూటీ పార్లర్‌కు నడిచింది. పొద్దున ఎస్సై ఫొటో చూపిస్తే అక్కడి అమ్మాయిలంతా తల అడ్డంగా ఊపారు. అది పాత పెళ్ళి ఫొటో. పొడుగు జడే గాని కళ్ళజోడు లేదు. ఈసారి ఆమె ఫొటో చూపించలేదు. ఇవాళ పొడుగు జుట్టు కత్తిరించుకున్నదెవరని అడిగింది. ఒకావిడ, ఉదయాన్నే, వాళ్ళ అక్కతో వచ్చిందన్నారు. అక్క గది నాలుగో అంతస్తులో.

తలుపు అక్కే తీసింది. లోపల మంచం అంచున పొట్టి జుట్టావిడ, కళ్ళజోడుతో.

"నీళ్ళలోకి దిగేవాళ్ళు కళ్ళజోడు తీసి ఒడ్డున పెడతారమ్మా," అంది ఇన్‌స్పెక్టర్. "మీరన్నీ వదిలేశారు, అదొక్కటి తప్ప. అది లేకుండా మీరు నడవలేరు కాబట్టి. మీకోసం పొద్దుట్నుంచీ నలుగురు ప్రాణాలకి తెగించి మునుగుతున్నారు. ఆటగా ఉందా?"

ఆవిడ తల ఎత్తలేదు.

"బతికుండి రెండుసార్లు వెళ్ళిపోయాను మేడమ్. రెండుసార్లూ పోలీసులే పట్టుకొచ్చి ఆయనకి అప్పగించారు. సర్దుకుపొమ్మన్నారు. చచ్చిపోయాననుకుంటే వెతకరు కదా అని."

"ఏ స్టేషన్?"

"రెండోసారి మీదే. అప్పుడు మీరు లేరు."

పొద్దుటి నుంచీ ఎవరిమీద చూపించాలో తెలియక మోస్తున్న కోపం ఒక్కసారిగా తనవైపే తిరిగినట్టయింది ఇన్‌స్పెక్టర్‌కు. ఎక్కడికి వెళ్తారని అడిగితే, సాయంత్రం రైలుకు తమ ఊరు తీసుకెళ్తానంది అక్క.

ఫోన్ మోగింది.

"దొరికింది సార్. క్షేమంగా ఉంది. మేజర్, తన ఇష్టంతోనే వెళ్తోంది."

భర్త వచ్చి మాట్లాడేదాకా కదలనివ్వొద్దన్నాడు డీసీపీ.

"అలా ఆపే సెక్షన్ ఏదో చెప్పండి సార్, రాసుకుంటాను."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

సామాన్ల లిఫ్టులో వెనకనుంచి వెళ్ళిపోతామంది అక్క. వద్దంది ఇన్‌స్పెక్టర్. ముగ్గురూ లాబీలోకే దిగారు. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని నడిచింది.

భర్త లేచి అడ్డంగా వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడింది.

"ఆవిడ నా భార్య."

"తెలుసండీ. పక్కకి జరగండి."

ఆయన జరగలేదు. ఆమె కూడా జరగలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆమె వెనకనుంచి నడిచి, అద్దాల తలుపు దాటి వెళ్ళిపోయారు.