నాలుగో స్టేషన్ మాట్లాడకూడదు

"ఈసారి నీకు తుపాకీతో పనిలేదు. తీర్పులు చెప్పాలి," అన్నాడు చీఫ్.

1983 సెప్టెంబరు. హైదరాబాదు ఆబిడ్స్‌లో టైప్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు ఉన్న మేడమీద మూడో గది. కింద టైపు మిషన్ల మోత ఎంత ఎక్కువైతే పైన మాటలకి అంత భద్రం. ఏజెంట్ గంగాధరరావు ఫైలు తెరిచాడు. అట్టమీద 'ఆపరేషన్ రేవు' అని ఉంది.

చీఫ్ సంగతంతా అయిదు నిమిషాల్లో చెప్పాడు. కోనసీమలో లైసెన్సుతో ఇంట్లోనే సెట్టు పెట్టుకుని సరదాకి మాట్లాడుకునే హామ్ రేడియోవాళ్లు ఎనిమిది మంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీదకొచ్చి ఓ ఆట ఆడతారు. ఒక్కొక్కరి దగ్గరా పది అడ్డాలు, పది నిలువుల గళ్ల కాగితం. అందులో ఎవరి ఓడ వాళ్లు దాచుకుంటారు. వంతు రాగానే 'మ-ఏడు', 'ప-రెండు' అంటూ ఓ గడి పేరు చెప్పాలి. తగిలిందో లేదో రిఫరీ చెబుతాడు. ఆటగాళ్లలో ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఉన్నవల్లా గొంతులు, స్టేషన్ నంబర్లు.

ఆ ఎనిమిది గొంతుల్లో ఒకటి శత్రువుది.

సముద్రం ఒడ్డున ఓ చమురు అన్వేషణ బావి తవ్వుతున్నారు. ఆ తవ్వే రిగ్ మీద అరవై మంది పనివాళ్లు. అంతర్వేదికి ఎదురుగా, చేపల వేట పేరుతో, పరాయి దేశపు ట్రాలర్ ఒకటి తచ్చాడుతోంది. అందులో వలలకన్నా పేలుడు సామాను ఎక్కువని డిపార్ట్‌మెంట్ అనుమానం. రిగ్ ఎక్కడ, కాపలా ఎప్పుడు మారుతుంది, పడవ ఏ దారిన రావాలి అన్నవి ఆటలో గడుల రూపంలో ఆ ట్రాలర్‌కి చేరుతున్నాయి.

"పాత రిఫరీ ఇశ్రాయేలుగారికి గుండెజబ్బు చేసింది. తన చోట ఎవరినైనా చూసుకోమన్నారు. ఆ ఎవరైనా నువ్వే," అన్నాడు చీఫ్.

ఫైలు చివర ఆట రూల్సున్నాయి. వంతు తప్పి మాట్లాడితే ఒక నల్లచుక్క. నిమిషం లోపల గడి చెప్పకపోతే ఒకటి. మైకు బటన్ నొక్కి ఉలక్కుండా పలక్కుండా ఊరుకుంటే రెండు. ఫిర్యాదులు పోస్టుకార్డు మీద రిఫరీకి రాయాలి. అయిదు చుక్కలు పడ్డవాడు ఆట నుంచి అవుట్.

"మరి చుక్క పడ్డవాణ్ణి సంజాయిషీ అడగక్కర్లేదా?"

"ఆటలో అంత టైమెక్కడిది?"

గంగాధరరావు నవ్వాడు. తర్వాత చాలాసార్లు గుర్తొచ్చి సిగ్గుపడ్డ నవ్వు అది.

అమలాపురంలో కొబ్బరి పీచు ఇన్‌స్పెక్టరుగా దిగాడు. ఒత్తు మీసం, చంకలో రిజిస్టరు, చేతిలో మూడు గిన్నెల క్యారేజీ. అడుగు గిన్నెలో టేప్‌రికార్డర్ ఉండేది. నాలుగో రోజు బస్టాండు దగ్గర నల్ల కళ్లద్దాలు, పువ్వుల సిల్కు చీర ఒకటి వచ్చి పక్కన నిలబడింది.

"రావులపాలెం చక్కెరకేళి దొరుకుద్దాండీ?"

"ముగ్గింది లేదండి. పచ్చిదే ఉంది."

కోడ్ సరిపోయింది. ఆమె సువర్ణ. రాజమండ్రిలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుతుంది, సొంత ఫియట్ తనే తోలుకుంటుంది. అయిదేళ్లుగా డిపార్ట్‌మెంట్ మనిషి. డిపార్ట్‌మెంటే లైసెన్సిప్పించి ఆమెను ఆ ఆటలో ఆరో స్టేషన్‌గా కూర్చోబెట్టింది. ఆమె గొంతు వినడానికే ఆటలోకి వచ్చేవాళ్లు ఉన్నారని ఇశ్రాయేలుగారు రాసిపెట్టారు కూడా.

ఆమె చెప్పింది ఒకటే మాట. నాలుగో స్టేషన్ని చూడమంది. రాజోలు హైస్కూల్లో సైన్సు మాస్టారు, లాజరు.

గంగాధరరావు చూశాడు. లాజరు మీద పంతొమ్మిది ఫిర్యాదు కార్డులున్నాయి. వంతు వస్తే నిమిషాల తరబడి పలకడనీ, బటన్ నొక్కి గాలి నింపి అందరి చెవులూ పోగొడతాడనీ. మూడు ఆదివారాలు స్వయంగా విన్నాడు. నిజమే. అన్నిటికన్నా విచిత్రం అతను ఎంచుకునే గడులు. పది నిలువుల్లో మ, ల, స అనే మూడు తప్ప ఇంకొకటి చెప్పడు. టేపులు హైదరాబాదు వెళ్లాయి. కోడ్ నిపుణుడు రెండు రోజుల్లో జవాబు పంపాడు: గెలవాలనుకునేవాడు ఇలా ఆడడు, ఇది సంకేతమే.

అక్టోబరు చివరి ఆదివారం గంగాధరరావు మైకు తీసుకుని తీర్పు చదివాడు. నాలుగో స్టేషన్‌కి అయిదు చుక్కలు పూర్తయ్యాయి, ఇకమీదట మాట్లాడకూడదు. అటునుంచి బటన్ నొక్కిన చప్పుడు వినిపించింది. గాలి హోరు. ఇరవై సెకన్లు. తర్వాత అదీ ఆగిపోయింది.

ఇతర స్టేషన్ల వాళ్లు ఒకరి తర్వాత ఒకరు కొత్త రిఫరీకి థాంక్స్ చెప్పారు.

మర్నాడు పోలీసులు రాజోలు వెళ్లి రేడియో సెట్టు పట్టుకుపోయారు. పైనుంచి కాగితం వెళ్లింది, స్కూలువాళ్లు లాజరుని సస్పెండ్ చేశారు. రెండు రోజులు ప్రశ్నించారు. ముద్దాయి మొండివాడు, నోరు విప్పడం లేదని రిపోర్టు వచ్చింది. గంగాధరరావు దాని మీద సంతకం చేసి ఫైలులో పెట్టాడు.

పన్నెండు రోజుల తర్వాత, శుక్రవారం పొద్దున్న చీఫ్ ఫోన్ చేశాడు. ట్రాలర్‌కి వెళ్లిన ఓ సందేశం దొరికింది. 'ఈ ఆదివారం నాలుగు గడులూ అందగానే బయల్దేరండి.'

గంగాధరరావు జీపు తాళాలు తీసుకున్నాడు. లాజరు సెట్టు రాజోలు పోలీస్ స్టేషన్లో బీరువా వెనకాల పడి ఉంది. గడులు మాత్రం వెళ్తూనే ఉన్నాయి.

పదిన్నరకల్లా లాజరు ఇంటి ముందున్నాడు. పీచు రిజిస్టరు, క్యారేజీ రెండూ జీపులోనే వదిలేశాడు. తలుపు తీసింది లాజరు భార్య పుష్పలత. గవర్నమెంటాసుపత్రిలో నర్సు. ఎవరని అడిగింది. రిఫరీనని చెప్పాడు. ఆమె తప్పుకుని దారిచ్చింది.

లాజరు లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్ల బక్కపల్చటి మనిషి. నమస్కారం పెట్టాడు. ఏదో చెప్పబోయాడు. పెదాలు బిగుసుకున్నాయి, మెడ నరాలు తేలాయి, కళ్లు మూసుకున్నాడు. మాట రాలేదు.

"ఆయనకి నత్తండి," అంది పుష్పలత. "చిన్నప్పట్నుంచీ. మాట మొదట్లో క, ప, త లాంటివి వస్తే అస్సలు రావు. మ, ల, స అయితే ఎలాగో పలుకుతారు. క్లాసులో పాఠం బోర్డు మీద రాసి చెప్తారు, పిల్లలకి అలవాటైపోయింది. రేడియోలో అయితే మొహం కనపడదు కదా, మాట వస్తాదేమో అని ఆ లైసెన్సు తెచ్చుకున్నారు. వారమంతా గడి పేరు నోట్లో నానబెట్టుకునేవారండి."

గంగాధరరావు కూర్చోబోతున్నవాడు కూర్చోలేకపోయాడు.

సంకేతం అనుకున్నది నత్తి. మొండితనం అనుకున్నదీ నత్తే. పంతొమ్మిది కార్డులు చదివినవాడు, రాజోలు దాకా వచ్చి ఒక్కసారి మనిషిని చూసి ఉంటే అరనిమిషంలో తెలిసిపోయేది.

పుష్పలత మిగతాది కూడా చెప్పింది, గొంతు పెంచకుండానే. చర్చిలో ఆమె కూర్చుంటే పక్కవాళ్లు చాప జరుపుకుంటున్నారట. దేశాన్ని అమ్మిన వాడి పెళ్లామని వెనకాల అంటున్నారట.

గంగాధరరావు తన అసలు ఉద్యోగం చెప్పాడు, ఆదివారం జరగబోయేది చెప్పాడు. రూల్ ప్రకారం చెప్పకూడదు. లాజరు లోపలికెళ్లి లావుపాటి నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టాడు. రెండేళ్లలో ఆటలో ఎవరు ఏ గడి చెప్పారో తేదీలతో సహా అందులో ఉంది. ఆరో స్టేషన్ పేజీలో సగం గళ్లకి ఎర్రసిరా సున్నాలు చుట్టి ఉన్నాయి. అంతకుముందే ఖాళీ అని తేలిపోయిన గడుల్ని ఆమె మళ్లీ మళ్లీ చెప్పింది. గెలవాలనుకునేవాళ్లు అలా ఆడరు. అది కనిపెట్టి లాజరు రిఫరీకి కార్డు రాశాడు. ఇశ్రాయేలుగారు దాన్ని తమాషాగా ఆటలో చదివేశారు. ఆ మరుసటి వారం నుంచే తన మీద ఫిర్యాదులు మొదలయ్యాయి.

లాజరు కార్డు ఫైలులో ఉందని గంగాధరరావుకి గుర్తే. ముద్దాయి ఉత్తరం కదా అని చదవలేదు. ఆరో స్టేషన్ టేపులు హైదరాబాదు పంపనూలేదు. మన మనిషి కదా అని.

లాజరు కాగితం మీద రాశాడు: 'నా మీద వచ్చిన కార్డులు చూడొచ్చా?'

గంగాధరరావు సంచిలోంచి తీసి ఇచ్చాడు. లాజరు రాతలు చదవలేదు, తిరగేసి ముద్రలు చూశాడు. సంతకాలు ముమ్మిడివరం, కొత్తపేట, అమలాపురం వాళ్లవి. పోస్టు ముద్ర పంతొమ్మిదింటి మీదా ఒకటే, రావులపాలెం. రాజమండ్రి నుంచి సువర్ణ కారు కోనసీమలోకి దిగే దారి అది.

చీఫ్‌కి ఫోన్ చేస్తే వాకబు చేయించి చెప్పాడు. సువర్ణ గురువారం నుంచి రాజమండ్రిలో లేదు, ఫియట్టూ లేదు. కారులోనే సెట్టు పెట్టుకుని తిరుగుతోంది. ఆట ఆపేస్తే ఆమెకి అనుమానం వస్తుంది, ఇంకో దారి వెతుక్కుంటుంది. ఆట జరగాలి, ఆట మధ్యలోనే ఆమెను పట్టుకోవాలి. అందుకు రేడియో తరంగం ఎటునుంచి వస్తోందో కనిపెట్టే మనిషి కావాలి. రేడియో సైన్సు అంత తెలిసినవాడు కోనసీమలో ఒక్కడే ఉన్నాడు, లాజరు. అతని ఉద్యోగం తాము పీకించారు.

గంగాధరరావు అడగకముందే, లాజరే వస్తానని తలాడించాడు.

ఆదివారం మూడింటికి జీపు రావులపాలెం అరటి మార్కెట్ వెనకాల ఆగి ఉంది. స్టీరింగు దగ్గర గంగాధరరావు ఒక చేత్తో మైకు పట్టుకుని ఆట నడుపుతున్నాడు. వెనక సీట్లో లాజరు, చెవులకి హెడ్‌ఫోన్, చేతిలో చెక్కచట్రానికి రాగితీగ చుట్టిన లూప్ ఏంటెన్నా. దాన్ని తిప్పుతుంటే ఒక దిక్కులో గొంతు సన్నబడుతుంది. ఆ దిక్కునే మనిషి.

"స్టేషన్ ఆరు, మీ వంతు."

"ర-మూడు," అంది తేనెలాంటి గొంతు. మూడు సెకన్లు. లాజరు ఉత్తరం వైపు వేలు చూపించాడు.

రెండో వంతుకి జీపు గోదావరి బ్రిడ్జి మీదుంది. లారీల మధ్య ఇరుక్కుపోయారు. ఆమె 'వ-తొమ్మిది' అనేసింది. లాజరు లూప్ తిప్పి ఎడమవైపు ఒడ్డు చూపించాడు. మూడో వంతుకి జొన్నాడలో గట్టు దిగుతున్నారు. 'చ-ఒకటి.' ఈసారి లాజరు హెడ్‌ఫోన్ తీసేసి చెవి రుద్దుకున్నాడు. అంత దగ్గరన్నమాట.

తాటిచెట్ల చాటున ఫియట్ కనపడింది. దాని పైనుంచి పల్చటి తీగ ఒకటి చెట్టు మీదికి కట్టి ఉంది. ఇంజను ఆపేసి గంగాధరరావు మిగతా స్టేషన్లని వరసగా పిలిచాడు. "స్టేషన్ ఆరు, మీ వంతు," అని మైకు వదిలేసి పరిగెత్తాడు.

కారు తలుపు లాగేసరికి సువర్ణ ఎడమచేతిలో మైకు, కుడిచేతిలో చిన్న పిస్తోలు ఉన్నాయి. పిస్తోలు అతని గుండెకి సూటిగా ఉంది. మైకు బటన్ ఇంకా నొక్కలేదు.

"చాలా తొందరగా వచ్చేరండి," అంది. నవ్వుతూనే ఉంది.

లాజరుని ఎందుకు బలి చేశావని అడిగాడు.

"కార్డులు రాసింది నేనే. ఒప్పుకుంటాను," అంది సువర్ణ. "తీర్పు చదివింది మాత్రం మీరండి. నేనెక్కడా సంతకం పెట్టలేదు."

ఆమె బటన్ నొక్కింది.

"త..."

చెట్టు మీంచి తీగ ఫట్‌మని తెగి కారు మీద పడింది. వెనకనుంచి వచ్చిన లాజరు రెండు చేతులా దాన్ని పట్టుకుని లాగేశాడు. సువర్ణ తలెత్తి చూసిన ఆ లిప్తలో గంగాధరరావు ఆమె మణికట్టు మీద కొట్టాడు. గుండు వెళ్లి గోదాట్లో పడింది. వెనకే ఇంకో జీపులో వచ్చిన పోలీసులు గట్టు దిగేసరికి తమ జీపు రేడియోలో ఏడో స్టేషన్ ఆయన, ఆరో స్టేషన్ వారు గడి సరిగ్గా చెప్పలేదండీ, చుక్క వెయ్యండి అంటున్నాడు.

నాలుగో గడి కోసం ఎదురుచూస్తూ అక్కడే నిలిచిపోయిన ట్రాలర్‌ని సాయంత్రానికి నేవీ చుట్టుముట్టింది. చమురు సర్వే క్యాంపులో సువర్ణకి కాగితాలందించిన గుమాస్తా దొరికాడు. రిగ్ మీద అరవై మందికి ఇదేమీ తెలియదు. ఆ పూట వాళ్లు మామూలుగానే అన్నాలు తిన్నారు.

చీఫ్ శభాష్ అన్నాడు. లాజరు సంగతి అడిగితే ఫైలు సీక్రెట్ అన్నాడు. సస్పెన్షన్ ఎత్తేస్తారు, కారణం 'సాక్ష్యాధారాలు చాలనందున' అని రాస్తారు. అంతకన్నా వీలు కాదన్నాడు. అంటే ఊళ్లో పడ్డ నింద అలాగే ఉంటుందన్నమాట.

మరుసటి ఆదివారం మూడింటికి గంగాధరరావు మైకు తీసుకున్నాడు. ఆట మొదలుపెట్టలేదు. నాలుగో స్టేషన్ ఏ తప్పూ చెయ్యలేదనీ, తాను విచారించకుండా తీర్పు చెప్పాననీ, ఆయన వల్ల అరవై మంది ప్రాణాలతో ఉన్నారనీ, ఇంకా వివరాలు అడగొద్దనీ చెప్పాడు. ఆ చెప్పినందుకు ఉద్యోగం ఊడినా ఊడొచ్చు. రిఫరీ పని కూడా వదిలేస్తున్నానని చెప్పి సెట్టు కట్టేశాడు. ఆ రోజు ఎవరూ థాంక్స్ చెప్పలేదు.

సెట్టు పోలీస్ స్టేషన్ నుంచి విడిపించి తనే జీపులో రాజోలు తీసుకెళ్లాడు. లాజరు దాన్ని బల్లమీద పెట్టి దుమ్ము తుడిచాడు, తీగలు ఒక్కొక్కటే తగిలించాడు. పని పూర్తయ్యాక ఇటు తిరిగాడు. చాలాసేపు పట్టింది. గంగాధరరావు ఈసారి గడియారం చూడలేదు.

"మీరు... ఒక్క... ముక్క... అడగొచ్చుగదండీ."

"అడగొచ్చండి," అన్నాడు గంగాధరరావు.

పుష్పలత లోపల్నుంచి టీ తెచ్చి గంగాధరరావు ముందు పెట్టి వెళ్లిపోయింది. ఒక గుక్క తాగాడు. అందులో పంచదార లేదు. గుండె మీద పిస్తోలు పెడితే కదలని ఏజెంట్ గంగాధరరావు, పంచదార అడిగే ధైర్యం చాలక, ఆ టీ చివరి చుక్కదాకా అలాగే తాగేశాడు.