ముందు చక్రాల తాళం

"మీ కొత్త బండి రెడీ సార్, మధ్యాహ్నానికి ఇంటికే తెచ్చిస్తాము" అని హోసూరు షోరూమ్ నుంచి ఫోన్ వచ్చేసరికి పవిత్ర పొయ్యి మీద రవ్వ ఉప్పిట్టు కలుపుతోంది. గరిటెతోనే వసారాలోకి పరుగెత్తింది. పెళ్ళయి మూడు నెలలే. ఈ ఇంట్లో ఏ చిన్న సంతోషమైనా ముందు ఆమె కాళ్ళకే తెలిసేది.

"మెల్లిగా అమ్మా, గరిటె కూడా కారెక్కేటట్టుంది!" అని అత్త మంజులమ్మ నవ్వింది.

"ఎస్‌యూవీ నాయనా! రేపు వాళ్ళే వచ్చి పాత జీపు ఎత్తుకోని పోతారు. ఎక్స్‌ఛేంజ్" అన్నాడు ఇంజనీరైన ఆమె భర్త రక్షిత్.

"సరేలేప్పా" అని మామ శ్రీరామప్ప కాఫీ లోటా కింద పెట్టి బయటికి నడిచాడు. ఇరవై ఏళ్ళు తళి ఊరి చుట్టూ మిట్టల మీద క్యాబేజీ మూటలు మోసిన జీపు అది. దాని బానెట్ మీద అరచేయి ఆనించి ఆయన చాలాసేపు నిలబడటం పవిత్ర కిటికీలోంచి చూసింది.

మధ్యాహ్నం కొత్త బండికి హారతిచ్చి అందరూ ఎక్కారు. పవిత్ర పసుపు పట్టుచీర కట్టుకుంది. బయట సన్నటి వాన, లోపల ఏసీ చల్లదనం. "నడుముకు ఒక్క కుదుపు తెలీలేదే!" అని మంజులమ్మ మురిసిపోయింది. ఆ ఉత్సాహంలో రక్షిత్ బండిని మిట్టతోట దారికి తిప్పాడు.

"ఆడ బంకమన్నప్పా, వద్దు" అన్నాడు శ్రీరామప్ప.

"ఎస్‌యూవీ నాయనా ఇది!"

సగం ఎక్కాక చక్రాలు ఎర్ర బురదలో గిర్రున తిరిగాయి. బండి మాత్రం కదల్లేదు.

"పొడుగుంటే సరిపోతుందా? దీంట్లో బలం రెండు చక్రాలకే కదా. ఉండు, జీపు తెస్తాను" అన్నాడు శ్రీరామప్ప.

పరువు పోయిన రక్షిత్‌కు కోపం వచ్చింది. "దాని ఫోర్ వీల్ చచ్చి రెండేండ్లయింది! నేనే లివరు లాగి చూసినాను, ముందు చక్రాలు పట్టలేదు. పాత ఇనుము మీద నీకెందుకింత మొండి?"

శ్రీరామప్ప బండి దిగాడు. వానలోనే ఇంటివైపు నడిచాడు. పవిత్ర దిగి వెంట వెళ్ళింది.

జీపు దగ్గర ఆయన ముందు చక్రం మధ్యనున్న చిన్న మీటను చూశాడు. వంగబోయి, మోకాలు పట్టుకుని ఆగిపోయాడు.

"ఇది తిప్పాలా మామా?"

"హబ్ లాకమ్మా. రెండు పక్కలా ఇది తిప్పితేనే ముందు చక్రాలకు బలం పోయేది. ఉత్త లివరు లాగితే ఏమొస్తుంది?" ఆయన గొంతు తగ్గింది. "ఈ మోకాళ్ళతో కూర్చోలేను. ఆ మాట చెప్తే జీపుతోబాటు నన్నూ మూలన పెడతారని చెప్పలేదు."

పవిత్రకు కళ్ళు చెమ్మగిల్లాయి. పట్టుచీర ఎత్తి కట్టి బురదలో కూర్చుంది. ఒక పక్క టక్కుమంది. రెండో పక్కా టక్కుమంది. ఆ చప్పుడుకు ఆమెకు ఈల వేయాలనిపించింది.

శ్రీరామప్ప లివరు లాగి నడిపితే జీపు గుర్రుమంటూ మిట్టెక్కింది. పక్కనుంచి చుట్టి ముందుకెళ్ళి, తాడు కట్టి, తెల్లటి కొత్త బండిని గట్టుమీదికి లాగి పడేసింది. మంజులమ్మ వానలోనే చప్పట్లు కొట్టింది.

"పట్టిందే!" అని రక్షిత్ నోరు తెరిచాడు.

"ఇంజనీరుగారూ, లివరుకు ముందు ఇది తిప్పాలంట. మామకు మోకాళ్ళు వంగవు, అంతే. జీపుకేం కాలేదు" అంది పవిత్ర, బురద చేత్తో మీట చూపిస్తూ.

రక్షిత్ ముఖం వాడిపోయింది. తండ్రి చేయి పట్టుకున్నాడు. "ఒక్క మాట చెప్పుండొచ్చు కదా నాయనా?"

"నువ్వు ఒక్క మాట అడిగుండొచ్చు కదప్పా?"

రక్షిత్ కళ్ళు తుడుచుకుని అక్కడి నుంచే షోరూమ్‌కు ఫోన్ చేశాడు. "రేపు రావద్దండి. జీపు ఇచ్చేది లేదు, దాని లెక్క డబ్బుగా కడతాను."

శ్రీరామప్ప జీపులోనే నిటారుగా కూర్చుని ప్రకటించాడు. "రేపు పొద్దున కొత్త బండిలో హోసూరుకు పోతాము, నా మోకాళ్ళు డాక్టరుకు చూపిద్దాం. మధ్యాహ్నం ఇదే మిట్టమీద జీపు పాఠం. స్టీరింగ్ పట్టేది పవిత్ర. దిగి హబ్బులు తిప్పేది రక్షితు."