కొసరు వద్దన్న పిల్ల

బళ్ళారి బజారులో ధాన్యం అంగడికి సొంత కాటా సంచిలో పెట్టుకుని వచ్చిన మొదటి మనిషి వాసవాంబ. ఇది ఎనభై ఆరులో మాట.

అంగడి చూసుకునే కుర్రవాడు చెన్నకేశవులు ఆమెకు పావుకిలో కందిపప్పు తూచాడు. అలవాటు కొద్దీ పైన ఇంకో చారెడు వేసి పొట్లం కట్టాడు. ఆ పిల్ల సంచిలోంచి చిన్న కాటా తీసి, గల్లాపెట్టె పక్కనే పెట్టి, పొట్లం విప్పి మళ్ళీ తూచింది. పక్క అంగడి హంపయ్య మెడ చాచి మరీ చూశాడు.

"ఏమ్మా, మా కాటా మీద నమ్మకం లేదా?" చెన్నకేశవులు మొహం ఎర్రబడింది.

"కాటా మంచిదేనప్పా. నీ చెయ్యే నిలకడగా లేదు. అడిగిందాని కన్నా ఎక్కువ వేసినావు."

"అది కొసరమ్మా!"

"నాకు కొసరు వద్దు. గ్రాములు కావాల." ఎక్కువైన పప్పు తీసి అతని అరచేతిలో పోసింది.

తాతల నాటి నుంచి ఆ అంగడిలో కొసరు అడిగి గొడవపడ్డవాళ్ళున్నారు గానీ, వద్దని తిరిగిచ్చినవాళ్ళు లేరు. కొసరు వెనక్కి వస్తే అంగడికి అచ్చిరాదని ఒక నమ్మకం కూడా ఉంది. మూలన దిండుకు ఆనుకుని కూర్చున్న చెన్నకేశవులు తండ్రి విరూపాక్షయ్య మాత్రం నవ్వేశాడు.

"ఎవురి బిడ్డవమ్మా?"

"కంప్లి కేశవమూర్తి కూతుర్నండీ. సర్కారు వాళ్ళు ఆడోళ్ళకు తిండి గురించి ట్రైనింగ్ పెట్టినారు. నేనే టీచర్ని. మనిషికి రోజుకు ఏది ఎంత కావాల్నో తూచి చూపించాల. లెక్క తప్పితే నా ఉద్యోగానికే ఎసరు."

వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి చూసింది. పప్పును చూసిందో, పప్పు పట్టుకున్నవాణ్ణి చూసిందో తెలియదు గానీ, చెన్నకేశవులు మాత్రం చెయ్యి చాచి అలాగే నిలబడిపోయాడు.

"ఒరే కేశవా, పప్పు డబ్బాలో వెయ్యరా," అన్నాడు తండ్రి.

ఆ తర్వాత ఆమె వారం వారం వచ్చింది. పక్కనే ఇంకో నాలుగు అంగళ్ళున్నా ఈ అంగడికే వచ్చింది. అతను కొసరు వేయడం, ఆమె తీసి ఇవ్వడం, మధ్యలో వేళ్ళు తగలడం. హంపయ్యకు బేరాలు తగ్గి చూపులు ఎక్కువయ్యాయి.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. మోక పల్లె నుంచి వచ్చిన జొన్నల మూటలు లోపలికి లాగి ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు.

"టీచరమ్మా, ఒక డౌటు. హంపయ్య బక్కోడు, నేను లావు. ఇద్దరికీ ఒకే లెక్క అంటే ఎట్ల?"

"ఎవురి ఒంటికి ఎంత కావాల్నో ఒక్కొక్కర్నీ తూచి చెప్పలేం కదా. అందుకని మామూలుగా కావాల్సినదాని మీద ఇంకొంచెం కలిపి చెప్తారు. ఎక్కువ కావాల్సినోనికీ సరిపోతాది. కొంచెం తక్కువ తిన్నంత మాత్రాన రోగం వచ్చినట్లు కాదు."

చెన్నకేశవులు గట్టిగా నవ్వాడు. "అంటే దాంట్లో కొసరు ముందే వేసినారు! మళ్ళా నన్ను తిడతావు."

ఆమె కూడా నవ్వింది. వాన తగ్గకుండా ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. మాట పొడిగించడానికి ఇంకోటి అడిగాడు.

"మా నాయనకు యాభై అయిదేండ్లు. పొద్దంతా కూర్చునే పని. ఎంత పప్పు తినాల?"

ఆమె నవ్వు ఆపింది. "ఆరోగ్యంగా ఉండాడా? ఈ లెక్క మంచిగా ఉండేవాళ్ళకే."

నిజానికి విరూపాక్షయ్య కొన్నాళ్ళుగా వాడిపోతున్నాడు. అజీర్తి అని ఇంట్లో మాట. కానీ బజారులో పుట్టి పెరిగినవాడి నోటికి ఒక అలవాటు ఉంటుంది. యజమాని ఎలా ఉన్నాడని ఎవరడిగినా ఒకటే జవాబు. చూరు చివర హంపయ్య చెవి కూడా ఉంది.

"మా నాయనకేమి? గుండ్రాయి మాదిరి ఉండాడు!"

ఆమె నమ్మింది. గుప్పెడు పప్పు, ఆకుకూర, మజ్జిగ అంటూ వరసగా చెప్పింది.

ఇంటి నుంచి తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ మధ్యాహ్నం రెండు క్యారియర్లు పంపేది. కొడుకు క్యారియర్‌లో ముద్దపప్పు, ఆవకాయ, మజ్జిగ. తండ్రిదాంట్లో ఉప్పులేని అన్నం, అడుగున రెండు చెంచాల చారు. ఇదేం పథ్యం, అమ్మ ఛాదస్తం కాకపోతే అనుకున్నాడు చెన్నకేశవులు. మరునాటి నుంచి క్యారియర్లు మార్చేశాడు.

"నాలుక చచ్చిపోయిందిరా నాయనా," అంటూ విరూపాక్షయ్య కళ్ళు మూసుకుని పప్పన్నం తిన్నాడు. ఇంట్లో చెప్పొద్దని తనే అన్నాడు.

పది రోజులు గడవకముందే ఆయన పాదాలు ఉబ్బాయి. ఒక ఉదయం ఊపిరి అందక అరుగు మీదే కూలబడ్డాడు.

ఆసుపత్రి వరండాలో లక్ష్మీకాంతమ్మ కొడుకు చొక్కా పట్టుకుంది. "ఏం పెట్టినావురా? కిడ్నీలు చెడినాయి ఆయనకు! ఉప్పు, పప్పు, నీళ్ళు అన్నీ కొలిచి ఇయ్యమన్నాడు డాక్టరు!"

"నాకు యాల చెప్పలేదమ్మా?"

"నీకు చెప్తే బజారుకు చెప్పినట్లే. యజమాని పడిపోయినాడంటే రైతు మన అంగట్ల మూట దించుతాడా?"

"ఆ టీచరమ్మ చెప్పిన లెక్కే పెట్టినా..." అనేశాడు.

ఆ సగం మాటనే తల్లి పట్టుకుంది. కిడ్నీల సంగతి దాచాలంటే ఇంకేదో చెప్పాలి కదా. సాయంత్రానికల్లా కాటా పిల్ల లెక్కకు తిని విరూపాక్షయ్య పడిపోయాడని బజారంతా గుప్పుమంది.

మూడో రోజు వాసవాంబ అంగడికి వచ్చింది. చేతిలో సంచి లేదు.

"మీ నాయన ఎట్లుండాడు?"

"వాపు తగ్గింది. ప్రాణానికి భయం లేదన్నారు."

ఆమె ఊపిరి పీల్చుకుంది. వాపు అనగానే, అంగడి కోసం ఏదో రోగం దాచారని అర్థమైంది. తర్వాత గొంతు మారింది. "నా క్లాసుకు ఎవురూ వస్తాలేరు. గురువారం ఆఫీసరు విచారణకు వస్తాండాడు. ఆరోగ్యంగా ఉండాడా అని నేను అడిగినానా, లేదా?"

"అడిగినావు."

"నువ్వేం చెప్పినావు?"

"గుండ్రాయి అన్నా."

"ఆ మాట అందరి ముందర చెప్తావా?"

పక్కన హంపయ్య చీపురు పట్టుకుని ఊడ్చిందే ఊడుస్తున్నాడు. చెన్నకేశవులు నోరు తెరిచాడు. అమ్మ మొహం గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు.

వాసవాంబ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి రానివ్వలేదు. "సరేప్పా. నీ అంగడి నిండుగా ఉండనీ," అని వెళ్ళిపోయింది. ఈసారి వెనక్కి చూడలేదు. ఆ రోజు అతను ఎవరికి ఏం తూచాడో అతనికే తెలియదు. తనంత పిరికివాడు ఈ బజారులో లేడనిపించింది.

గురువారం, క్లాసు జరిగే సత్రంలో విచారణ. ముందు వరసలో సాక్షిగా లక్ష్మీకాంతమ్మ కూర్చుంది. గుమ్మంలో హంపయ్య, ఇంకా బజారు వాళ్ళు. బయట వాన.

"ఏనమ్మా ఇదు? నీ లెక్కతో మనిషి ఆసుపత్రి పాలైనాడంట కదా?" అన్నాడు ఆఫీసరు, కన్నడమూ తెలుగూ కలిపి.

"పిల్లోళ్ళకు గంజి పోయాలన్నా భయమైతాంది సార్," అంది అంగన్‌వాడీ ఉచ్చంగెమ్మ.

వాసవాంబ లేచి నిలబడింది. జవాబు ఆమె దగ్గర ఉంది. కానీ అది చెప్తే ఒక ఇంటి రోగం వీధిన పడుతుంది. పెదవి కొరుక్కుని నిలబడింది. బయట వానలో నిలబడ్డ చెన్నకేశవులు అది చూశాడు. నిలువునా తడిసినవాడు జనాన్ని తోసుకుని లోపలికి వచ్చాడు.

"ఆమె లెక్క తప్పు కాదు సార్. నేను తప్పు. మా నాయనకు కిడ్నీలు చెడినాయి."

లక్ష్మీకాంతమ్మ కొడుకువైపు చూసిన చూపుకు ఇంకొకడైతే అక్కడే కూలిపోయేవాడు.

"ఆరోగ్యంగా ఉండాడా అని ఆమె అడిగింది. గుండ్రాయి అని అబద్ధం చెప్పినా. ఆ లెక్క మంచి బండికి, సార్. ఇరుసు విరిగిన బండికి నిండా బరువు ఎత్తింది నేను. మా అమ్మ కొలిచి పెట్టిందే సరైన తిండి. అది తెలుసుకోకుండా ఆమెనే తప్పుపట్టినా."

తల్లి లేచి, కొంగు తల మీదికి లాక్కుని వానలోకి వెళ్ళిపోయింది. ఆఫీసరు కుర్చీలో సర్దుకుని, "ముందుకు సాగించమ్మా క్లాసు," అన్నాడు.

మరునాడు పొద్దున మోక నుంచి జొన్నల రైతు జంబన్న బండి వచ్చింది. చెన్నకేశవులు గుండె చిక్కబట్టుకుని చూశాడు. బండి హంపయ్య అంగడి ముందు ఒక్క క్షణం ఆగింది. ఎద్దు కదలనని మొరాయించిందంతే. మళ్ళీ నడిచి ఈ అంగడి ముందు నిలిచింది.

"దించుకో కేశవా," అన్నాడు జంబన్న. "మీ నాయన ఎట్లుండాడు? ఒక్క మాట చెప్పకూడదా, మేమేం పరాయోళ్ళమా?"

ఆసుపత్రిలో చేరిన ఎనిమిదో రోజు విరూపాక్షయ్య దిండు దగ్గరికి తిరిగొచ్చాడు. మధ్యాహ్నం ఉప్పులేని క్యారియర్‌ను లక్ష్మీకాంతమ్మ ఈసారి తనే తెచ్చింది. కొడుకుతో ఇంకా మాటల్లేవు. సరిగ్గా అప్పుడే వాసవాంబ అంగడి మెట్టెక్కింది.

"కాటా యాడమ్మా?" అడిగాడు విరూపాక్షయ్య.

"తేలేదండీ."

"నమ్మకం కుదిరిందా?"

"కాటా మీద మొదట్నుంచీ ఉండాది. మనిషి మీద మొన్ననే కుదిరింది," అంది అతనివైపు చూడకుండా. "పావుకిలో కందిపప్పు."

చెన్నకేశవులు తూచాడు. కొసరు కోసం చెయ్యి మూట వరకూ పోయి, భయపడి ఆగిపోయింది.

లక్ష్మీకాంతమ్మ క్యారియర్ కింద పెట్టింది. కొడుకును పక్కకు జరిపి, రెండు చేతులా పప్పు దోసిలి నింపింది.

"సంచి పట్టు తల్లీ. నిన్ను అన్న మాటలు అన్నీ నావే, వాడివి కావు. మనసులో పెట్టుకోవద్దు. మీ నాయనను ఒక మంచిరోజు చూసుకుని మా ఇంటికి రమ్మను."

పక్క అంగట్లో హంపయ్య చీపురు ఆగిపోయింది.

వాసవాంబ సంచి నోరు రెండు చేతులతో వెడల్పుగా తెరిచి పట్టుకుంది. దోసిలి పప్పంతా జలజలా లోపల పడ్డాక కూడా మూయలేదు.

"ఇంత చాలదత్తా," అంది. "ఇంకొంచెం వెయ్యండి."