టేకు డబ్బాలు

ఆదివారం పొద్దున చర్చి నుంచి వచ్చిన యోసేపు చెప్పులు విడిచి నేరుగా ముందు గదిలో నేల మీద కూర్చున్నాడు. ఎడమ వైపు స్పీకర్ డబ్బాకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. వంటింట్లో కుక్కర్ కూత మీద కూత పెడుతోంది. అతను కదల్లేదు. పక్క గదిలో చీర మార్చుకుంటున్న అతని భార్య నవోమి పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆర్పింది.

"కుక్కర్ గంతగనం మొత్తుకుంటుంటే జర లేవరాదు?"

"ఏ కుక్కరు?"

నవోమి గుమ్మం దాకా వచ్చి అతన్ని చూసింది. అతనే తల తిప్పి అన్నాడు. "నవోమీ, ఈ డబ్బాలు మార్చాలె."

"మొన్ననే గద లోపలి చిన్న స్పీకర్లు మార్చినవు. దసరాకు ఆంప్లిఫయర్ మార్చినవు. ఇంకేం మిగిలిందని మారుస్తవ్? నన్నా?"

"నీకేం తెలుస్తది? సౌండ్ మీద మబ్బు కమ్మినట్టున్నది."

"ఔను, నాకేం తెల్వది. గీ ఇంట్ల అడుగు పెట్టినప్పటి సంది నాకేం తెల్వది" అని ఆమె లోపలికి పోయింది. కోపంగా పోలేదు. కళ్లు తుడుచుకుంటూ పోయింది. అది యోసేపు చూడలేదు.

యోసేపు సర్కారు హైస్కూల్లో లెక్కల సారు. అతనికి రెండే ఇష్టాలు, తెలంగాణ, మంచి సౌండు. ఈ రెండో పిచ్చిలో అతనికి ఇద్దరు తోడున్నారు. మందుల దుకాణం నడిపే మదన్ మోహన్ ఒకడు. కౌడిపల్లి నుంచి వచ్చి మెదక్ కోట కింద వడ్రంగం పెట్టుకున్న ఎల్లేష్ ఇంకొకడు. బయటి దేశాల మాల్ హైదరాబాద్ గల్లీల్లోకి దిగడం మొదలైన రోజుల్లో ముగ్గురూ ఎర్రబస్సెక్కి వెళ్లి, ఒక్కో సామానూ ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. డబ్బాలు ఎల్లేష్ చేశాడు. టంకం యోసేపు పెట్టాడు. రంగు, తిట్లు మదన్ మోహన్‌వి. పాట వినడానికి ఇంత తిప్పలా అని ఊళ్లో నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వేవాళ్ల ఇళ్లలో ఏముంది, పొద్దంతా అరిచే టీవీ తప్ప!

వాళ్లకొక కట్టుబాటు ఉండేది. కొత్త సామాను కొన్నవాడు పాతది అమ్మకూడదు. పక్కవాడికి ఇవ్వాలి. యోసేపు పాత ఆంప్లిఫయర్ మదన్ మోహన్ ఇంటికి, మదన్ మోహన్‌ది ఎల్లేష్ ఇంటికి, ఎల్లేష్‌ది గల్లీలో అడిగినవాడికి. అలా ఆ గల్లీలో మంగలి దుకాణంలో కూడా హైదరాబాద్ షోరూముల్లో లేని సౌండు మోగేది. ఒకడు ఎదిగితే అందరూ ఎదిగేవారు. పెద్ద పెద్ద పార్టీలకు చేతగానిది ముగ్గురు మామూలు మనుషులు చేసి చూపించారు.

నిరుడు తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో రాందాస్ చౌరస్తాలో టెంటు వేసినప్పుడు మైకుల పని యోసేపు మీద పడింది. పడడం కాదు, తనే లాక్కున్నాడు. టెంటు మీది హారన్ స్పీకర్‌కు పోయే వైరు ఊరికే ఊడిపోతుంటే దాని కిందే నిలబడి పట్టుకున్నాడు, సమ్మె అయిపోయేదాకా. మాట్లాడేవాళ్లు వచ్చి మాట్లాడి, దండలు వేసుకుని పోయారు. హారన్ కింద నుంచి కదలనిది అతనొక్కడే. ఆ టెంటులోనే రేగోడ్ నుంచి వచ్చిన పద్మమ్మ అనే ముసలామె కాళ్లకు గజ్జెలు కట్టి పాడింది. యోసేపు దాన్ని రికార్డు చేశాడు. ఇప్పుడు సిస్టమ్‌లో ఏం మార్చినా ముగ్గురూ ముందు వినేది ఆ పాటే. గజ్జె గజ్జె విడివిడిగా వినబడితే సౌండు పాసైనట్టు.

ఆ ఆదివారం పన్నెండు కాకముందే ఎల్లేష్, మదన్ మోహన్ వచ్చారు. డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన యోసేపు కూతురు రెబెకా కుర్చీలు వేసింది.

"వదినా, చాయ్‌ల చక్కెర తక్కువ వెయ్యి. మా యోసేపన్న ఇప్పుడు చేదు మాటలు మాట్లాడుతడు, బరాబరైతది" అన్నాడు మదన్ మోహన్.

"మాట్లాడిపిచ్చుకునేటోనివి నువ్వే గద" అంది నవోమి లోపలి నుంచి.

యోసేపు నవ్వలేదు. పాట పెట్టాడు. పద్మమ్మ గొంతు గదినిండా లేచింది. డప్పు ఛాతీలో తగిలింది. యోసేపు సన్నటి చప్పుళ్లను పెంచే ట్రెబుల్ గుబ్బను చివరిదాకా తిప్పాడు. మదన్ మోహన్ పళ్లు బిగించి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"గజ్జెలేవి?" అన్నాడు యోసేపు.

ఎల్లేష్, మదన్ మోహన్ ఒకరినొకరు చూసుకున్నారు.

"మిమ్మల్నే అడుగుతున్న. గజ్జెలేవి?"

"ఉన్నయ్ గదనే..." అనబోయిన మదన్ మోహన్ మోకాలిని ఎల్లేష్ గట్టిగా నొక్కాడు. "అంటే, ఉన్నట్టే ఉన్నయ్. జర లోపలికున్నయ్."

"లోపలికి గాదు, లేనే లేవు! చిన్న స్పీకర్లు కొత్తయి. ఆంప్లిఫయర్ కొత్తది. వైరు కొత్తది. ఇంక పాతది ఏమున్నది? డబ్బా." యోసేపు ఎల్లేష్ వైపు తిరిగాడు. "నిజం చెప్పు ఎల్లేష్. పచ్చి చెక్క కొట్టినవు గదా? ఆరని చెక్క పోను పోను వంగి సౌండును మింగుతది. నాకు తెల్వదనుకున్నవా?"

మెదక్‌లో పాత ఇళ్ల తలుపులు ఎన్నో ఎల్లేష్ చేతివే. ఒక్కటి వంగిందని ఇంతవరకు ఒక్కరు అనలేదు. ఆ మాట అన్నవాడు వేరే మనిషైతే ఎల్లేష్ ఉలి చూపించేవాడు. ఇప్పుడు మాత్రం కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"ఔను సారు. చెక్క ఆరలే. తొందరపడి కొట్టిన. తప్పు నాదే."

చాయ్ తెస్తున్న నవోమి గుమ్మంలోనే ఆగిపోయింది.

"గిన్నేండ్లు నీ చెయ్యిని నమ్మిన" అన్నాడు యోసేపు. అతని గొంతు ఇల్లు దాటి రోడ్డు మీదికి పోయింది. "ఊరందరికీ మంచి పని చేసి, నాకు మాత్రం చెత్త అంటగట్టినవ్. దోస్తు ఏమంటడులే అనుకున్నవ్ గదా?"

"కొత్తయి చేసిస్త సారు. వీటిని ఇప్పుడే తీస్కపోత."

ఎల్లేష్ తనే వైర్లు విప్పాడు. ఒక్కో డబ్బాను గుండెకు ఆనించుకుని మోసుకెళ్లి ఆటోలో పెట్టాడు. చాయ్ తాగలేదు. మదన్ మోహన్ ఏదో అనబోయి, నవోమి మొహం చూసి, ఊరుకుని ఎల్లేష్ వెంట పోయాడు.

ఆటో మలుపు తిరగగానే రెబెకా అంది. "డాడీ, గజ్జెలు ఉన్నయ్."

"ఏంది?"

"గజ్జెలున్నయ్. లోపల రూంలకు గూడ వినబడ్డయ్."

"రెబెకా, ఊకో!" అంది నవోమి.

"ఎందుకు ఊకోవాలె మమ్మీ? అంకుల్ ఏ తప్పు చెయ్యకుండ తల దించుకొని పోయిండు. ఇంక ఎంతమందితోని అబద్ధాలాడిపిస్తవ్?"

ఆమె మేకుకున్న తాళంచెవుల గుత్తి తీసింది. తండ్రి వెనక్కి వెళ్లి అతని చెవి పక్కన ఊపింది. యోసేపు కదల్లేదు.

"ఏం చేస్తున్నవ్ ఎనక?"

"ఏమన్న వినబడుతున్నదా?"

"ఏం లేదు."

ఊపడం ఆపకుండానే ఆమె ముందుకొచ్చింది. తాళంచెవులు ఒకదాన్నొకటి కొట్టుకోవడం యోసేపు చూశాడు. చప్పుడు మాత్రం లేదు. గుత్తి లాక్కుని తనే ఊపాడు. కుడి చెవి దగ్గర ఊపాడు. ఎడమ చెవి దగ్గర ఊపాడు. మోపెడ్ తాళం, బీరువా తాళం, బడి గది తాళం అతని కళ్ల ముందు మూగగా ఆడాయి. చెయ్యి దానంతట అదే కిందికి వాలింది.

"ఎప్పటి సంది?" అని అడిగాడు.

"టెంటు ఎత్తేసినప్పటి సంది" అంది నవోమి. "రాత్రిళ్లు చెవుల్ల ఈల మోగుతున్నదంటుంటివి. అటెన్క కుక్కర్ వినకపోతివి, ఫోన్ వినకపోతివి. సామాన్లను అనుకుంట వచ్చినవు గని ఒక్కనాడు గూడ చెవుల మీద అనుమానం పడలే."

"నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? ఆరు దినాలు బడి, ఒక్క ఆదివారం కోసం బతికే మనిషివి. నీ చెవులు పోయినయని నేనే నా నోటితోని అనాల్నా?" ఆమె అతని చేతిలోంచి తాళంచెవుల గుత్తి తీసుకుంది. "మదన్‌ను, ఎల్లేష్‌ను బతిమాలుకున్న. ఆయనకు తెల్వనియ్యకుండ్రి, ఏది మారుస్తనంటే అది మార్చనియ్యుండ్రి అన్న. గిట్ల ఎల్లేష్ మీదికి వస్తదని అనుకోలే."

"అంటే... ఎల్లేష్‌కు తెలుసు?"

"అందరికంటె ముందు ఆయనే కనిపెట్టిండు."

యోసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెవుల సంగతి అతనికి ఇంకా పూర్తిగా మనసుకెక్కలేదు. మనసులో ఒకటే తిరుగుతోంది. ఒక వడ్రంగి నలుగురి ముందు తన చెక్క పచ్చిదని ఒప్పుకున్నాడు. దేనికి? దోస్తు మనసు విరగొద్దని. పని చేసుకుని బతికేవాడికి పని మీద మాట పడితే ఎంత నొప్పో, బడిలో పాఠం చెప్పేవాడికి తెలియదా! ఇరవై ఏళ్లు సౌండు విన్నవాడికి పక్కనున్న మనిషి వినబడలేదు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని యోసేపు ఏడ్చాడు. నవోమి వచ్చి పక్కన కూర్చుంది.

"లే" అంది కాసేపటికి. "ఏడ్సుడు తర్వాత. ముందు పోదాం పా."

వాళ్లు ముగ్గురూ వెళ్లేసరికి ఎల్లేష్ దుకాణం సగం తెరిచి ఉంది. బల్ల మీద డబ్బా పడుకోబెట్టి ఉంది. ఎల్లేష్ మూల అతుకు మీద ఉలి ఆనించి, సుత్తె పట్టుకుని అలాగే ఉన్నాడు. మదన్ మోహన్ స్టూలు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఆగు ఎల్లేష్!"

"ఆగే ఉన్న సారు. అతుకు ఇప్పుదామనుకున్న గని చెయ్యి రాలే."

యోసేపు డబ్బా మీద చెయ్యి వేశాడు. "ఏం చెక్క ఇది?"

ఎల్లేష్ నవోమిని చూశాడు. ఆమె తల ఊపింది.

"టేకు సారు. కౌడిపల్లిల ఇంటి తలుపులకని మా నాయిన అటక మీద దాచింది. ఆయన బతికుండగ తలుపులు గాలే. నీ డబ్బాలైనయ్."

"గసువంటి చెక్కను పట్టుకొని, ఆరలేదని నా ముందట ఎట్లన్నవ్ ఎల్లేష్?"

"నువ్వే అంటివి గద సారు."

యోసేపు గిరుక్కున తిరిగి రోడ్డు మీదికి వచ్చాడు. ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు తలెత్తి చూశారు. టెంటులో మైకు కోసం నిలబడ్డ మనిషి ఇప్పుడు మైకు లేకుండానే మాట్లాడాడు.

"అందరు వినుండ్రి! పొద్దుగాల నా ఇంట్ల ఈ ఎల్లేష్‌ను పచ్చి చెక్క కొట్టినవని తిట్టిన. నా నోరు పాడుగాను! ఈయన పనిల తప్పు లేదు. పోయింది నా చెవులు."

"ఊకో సారు, నడి బజార్ల గదేంది!" ఎల్లేష్ చెయ్యి పట్టి లోపలికి గుంజాడు.

"తిట్టినప్పుడు బజార్లకు వినబడలేదా? ఇది గూడ వినబడాలె."

"హారన్ కింద నువ్వు నిలబడ్డవు సారు" అన్నాడు ఎల్లేష్. అతని కళ్లు నిండాయి. "మేమందరం ఎదురుంగ కూసొని చప్పట్లు కొట్టినం. మా అందరి లొల్లి నీ ఒక్కని చెవులల్ల పడ్డది. నువ్వు నన్ను ఒక్క మాట అంటే నాకేం తక్కువైతది?"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. మదన్ మోహన్ బీడీ పడేసి ముక్కు చీదాడు.

"అయింది గద ఏడ్సుడు? చెవుల డాక్టర్ దగ్గరికి పోదాం పా అన్నా. మిషన్ ఇస్తరు. అది గూడ ఆంప్లిఫయరే. నీకంటె బాగ ఎవరు సెట్ చేస్తరు?"

"రేపే పోతున్నం" అంది రెబెకా. "సెలవు పెట్టు డాడీ." యోసేపు తల ఊపాడు.

దుకాణంలోనే ఎల్లేష్ పాత ఆంప్లిఫయర్‌కు టేకు డబ్బాలు కలిపి రెబెకా ఫోన్ నుంచి పద్మమ్మ పాట పెట్టారు. అలవాటు కొద్దీ యోసేపు చెయ్యి ట్రెబుల్ గుబ్బ మీదికి పోయింది. నవోమి ఆ చేతిని పక్కకు తోసి, గుబ్బను తనే వెనక్కి తిప్పింది.

"ఏడాది నుంచి గజ్జెలు మా చెవులు కోస్తున్నయ్. ఇగో, ఇప్పుడు బాగున్నది. నాకు తెలుస్తది."

అందరూ నవ్వారు. "నీకే తెలుస్తది" అన్నాడు యోసేపు.

అతను డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. డప్పు చేతికి అందుతోంది. గజ్జెలు అందడం లేదు. అతని మొహం చూసిన ఎల్లేష్ ఇంకో చెయ్యి తీసుకుని, మణికట్టు మీద రెండు వేళ్లతో మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. గజ్జె మోగినప్పుడల్లా ఒక దెబ్బ. యోసేపు కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అతని తల ఊగడం మొదలైంది.

"ఆగు ఆగు" అన్నాడు ఉన్నట్టుండి. "ఈడ రెండు దెబ్బలు గాదు, మూడు. ఆమె కుడికాలు తిప్పి కొట్టింది. నేను ముందటే ఉన్న."

రెబెకా పాటను వెనక్కి తిప్పింది. నలుగురూ ఊపిరి బిగబట్టి విన్నారు.

"మూడే!" అంది నవోమి.

ఎల్లేష్ మళ్లీ మణికట్టు మీద వేళ్లు పెట్టి మూడు దెబ్బలు కొట్టాడు. యోసేపు చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. వాటిని తుడుచుకోవడానికి రెండు చేతుల్లో ఒక్కదాన్ని కూడా అతను కదపలేదు.