నల్ల టేపు కింది దీపాలు

శనివారం పొద్దున. గౌడవెల్లిలోని ఆ ఇంటి పెరట్లో ఎలీషమ్మ రోజూలాగే గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తోంది. వంటింటి గడప పక్కన కుర్చీ వేసుకుని పరంజ్యోతి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పొయ్యి మీద కుక్కర్ ఉంది.

"ఏమయ్యా, ఎన్ని విజిళ్లు వచ్చినయి?" పెరట్లోంచే గట్టిగా అడిగింది ఎలీషమ్మ.

"ఒక్కటి గూడ రాలే."

తల తుడుచుకుంటున్న కూతురు జాస్మిన్ పరుగున వచ్చి పొయ్యి ఆర్పింది. "ఆరు వచ్చినయి నాయినా! పప్పు మాడిపాయె. పక్కనే కూసున్నవ్ గదా, ఏం జేస్తున్నవ్?"

"ఏదో ఆలోచనల ఉన్న" అన్నాడు. అబద్ధమాడుతున్నానని అతనికి తెలియదు.

మేడ్చల్‌లోని ఫ్యాక్టరీలో రోజంతా దడదడలాడే ప్రెస్ మిషన్ పక్కన ఇరవై ఏడేళ్లు నిలబడి రిటైరైన మనిషి పరంజ్యోతి. ఫ్యాక్టరీలో ఉన్నప్పటి నుంచీ, పద్దెనిమిదేళ్లుగా ఊరి చర్చిలో సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చునేది అతనే. పాడేవాళ్ల మైకులన్నీ ఆ పెట్టెలోకే వస్తాయి. ఎవరి గొంతు ఎంత వినిపించాలో నిర్ణయించేది అతని చెయ్యి. ఆ చేతిని నడిపేది అతని చెవి. ఆ చెవిని అతను ఏనాడూ ప్రశ్నించలేదు.

మాడిన పప్పే తినబోతూ జాస్మిన్ మాట కదిపింది. "రేపు చర్చి పండుగ. అమ్మ పాడాలంటున్నడు శాంసన్ పాస్టరయ్య."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"నలుగుట్ల మళ్ల నవ్వులపాలైతది. గొంతు పోయినంక పాటెందుకు?"

ఎలీషమ్మ తల ఎత్తలేదు. అన్నం కలుపుతున్న వేళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగాయి.

రెండేళ్ల కిందటి ఈస్టర్ ఆరాధన ముగ్గురికీ గుర్తొచ్చింది. ఆ రోజు ఎలీషమ్మ పాడుతుంటే ఆమె గొంతు అతనికి పలచగా తోచింది. మైకు పెంచాడు. చాలలేదనిపించి ఇంకా పెంచాడు. ఉన్నట్టుండి స్పీకర్లు కీచుమన్నాయి. పసిపిల్లలు ఏడుపు అందుకున్నారు, ముసలివాళ్లు చెవులు మూసుకున్నారు. ఆరాధన అయ్యాక అందరిముందూ అతను అన్నాడు: "నీ గొంతు పోయింది ఎలీషమ్మా. ఎంత పెంచినా లేస్తలేదు. ఇగ చాలిచ్చుకో." ఆ తర్వాత ఆమె చర్చిలోనే కాదు, వంటింట్లోనూ పాడలేదు.

భోజనాలయ్యాక ముగ్గురూ చర్చికి వెళ్లారు. శనివారం చర్చి ఊడ్చి చాపలు పరిచే వంతు ఎలీషమ్మది. పరంజ్యోతి మిక్సర్ మీది గుడ్డ తీశాడు. జాస్మిన్ వెనకే నిలబడింది.

"నాయినా, గీ నల్ల టేపు ఏంది?"

"లైట్లు. శబ్దం ఎంతుందో సూపిస్తయి. ఖరాబైనయి. మెల్లగ పాడినా ఎర్రగ ఎలుగుతున్నయి. అందుకే మూసిన."

"ఎప్పుడైనయి ఖరాబు?"

"రెండేండ్లాయె."

జాస్మిన్ మెల్లగా అంది: "అమ్మ గొంతు పోయింది గూడ గప్పుడే గదా?"

"అయితే?"

ఆమె గోటితో టేపు అంచు లేపింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "తియ్యకు! పద్దెనిమిదేండ్ల సంది కూసుంటున్న ఈడ. నాకు నేర్పుతవా?"

"నేర్పుత లేను. తుర్కపల్లిల నేను పనిజేసే ల్యాబ్‌ల పొద్దున పోంగనే తూకం మిషన్ మీద బరువు తెలిసిన రాయి పెడ్తం. తప్పు సరుకుదా, తూకానిదా అని ముందు తేల్చుకుంటం. మూసిపెట్టి తీర్పు జెప్పం, నాయినా."

టేపు ఊడి వచ్చింది. దీపాల వరుస పక్కన, అతను ఎన్నడో అంటించిన తెల్ల కాగితం మీద రెండు పెన్సిల్ గీతలున్నాయి. ఒకటి కీబోర్డుది. రెండోదాని పక్కన చిన్నగా 'ఎ' అని ఉంది. మిక్సర్ కొత్తగా వచ్చిన రోజున భార్య చేత పాడించి, ఆమె గొంతు ఏ దీపం దాకా ఎక్కిందో అక్కడ గీసుకున్న గీత అది.

మీటల పక్కన కూడా అప్పుడు గీసిన గుర్తులున్నాయి. జాస్మిన్ మీటలన్నీ వాటి దగ్గర పెట్టి కీబోర్డు నొక్కింది. దీపాలు సరిగ్గా మొదటి గీత దగ్గర ఆగాయి.

"లైట్లకేం కాలే" అంది. "అమ్మా, జర రావే. ఒక్క చరణం పాడు."

"నన్ను ఇడిశిపెట్టుండ్రి." ఎలీషమ్మ చీపురు వదల్లేదు. "కొట్లాడుకునెతందుకు మీకు నా గొంతే దొరికిందా?"

"ఒక్కటే చరణం."

ఆమె చీపురు గోడకు ఆనించింది. కొంగు బిగించి మైకు ముందుకు వచ్చింది. భర్త వైపు చూడకుండా, కిటికీ వైపు తిరిగి ఎత్తుకుంది.

పచ్చదీపాలు వెలిగాయి, తర్వాత పసుపువి. చరణం చివర పాట పైకి ఎగిసే చోట వెలుగు 'ఎ' గీత దాకా ఎక్కి నిలిచింది. వెంట్రుకవాసి తగ్గలేదు.

పరంజ్యోతి తల ఎత్తాడు. భార్య నోరు తెరిచి ఉంది. మెడ నరం ఉబ్బింది. దీపం గీత మీదే ఉంది. అతనికి వినిపిస్తున్నది మాత్రం గోడ అవతలి మాటలాంటి చిన్న అలికిడి.

లైట్లను తప్పుపట్టాడు. భార్యను తప్పుపట్టాడు. తీర్పు చెప్పేవాణ్ణి మాత్రం ఒక్కరోజూ బోనులో నిలబెట్టలేదు.

"ఎలీషమ్మా" అన్నాడు. "నీ గొంతుకేం కాలే. పోయింది నా చెవే."

ఆమె మైకు ముందునుంచి పక్కకు జరిగింది. "రెండేండ్లయ్యా" అంది. "దినాం పొద్దుగాల ఉప్పునీళ్లు ఎందుకు పుక్కిలిస్తున్న అనుకున్నవ్? మిరియాల కషాయం ఎందుకు తాగిన? నువ్వన్నవని నమ్మిన. నీ చెవి తప్పు ఇనదనుకున్న."

రోజూ ఆమె పుక్కిలించడం చూస్తూనే ఉన్నాడు. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మాఫ్ జెయ్యమని గూడ ఎట్లడగాల్నో తెలుస్త లేదు."

"అడగకు. గా చాప అంచు పట్టుకో" అంది ఎలీషమ్మ, కళ్లు ఒత్తుకుంటూ.

ఇద్దరూ చెరో అంచు పట్టుకుని చాపలన్నీ పరిచారు.

ఆదివారం మిక్సర్ దగ్గర జాస్మిన్ కూర్చుంది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి పరంజ్యోతి జనంలో, ముందు చాప మీద కూర్చున్నాడు. ఎలీషమ్మ పాడింది. కింది స్వరాలు అతనికి అందాయి. పై స్వరం వచ్చే చోట ఆమె నోరు తెరవడం కనబడింది. పక్కన కూర్చున్న ముసలమ్మ కళ్లు మూసుకుని తలూపడం కనబడింది. అతను కూడా కళ్లు మూసుకుని, ఎప్పుడో విన్న ఆ స్వరాన్ని వెతుక్కున్నాడు.

రెండేళ్ల కిందట అది పలచగానైనా వినబడేది, ఇప్పుడు అదీ లేదు. ఆ పలచని రోజుల్లోనే ఆమెను చాలించుకోమన్నాడు.