శివారు గ్రహానికి వెలుగు

గుడివాడ నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సులో కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయింది. జల్లు లోపలికి కొడుతోంది. కృపాకుమారి చున్నీ నెత్తిమీదికి లాక్కుని పక్క సీటులో ఉన్న అబ్బాయి వంక చూసింది. తను తడుస్తున్నా అతను పట్టించుకోవడం లేదు. ఒళ్ళో ఉన్న లాప్‌టాప్ మీదికి వంగి, దానికి తన వీపునే గొడుగు చేశాడు.

తెర మీద ఉన్నది చూసి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. నల్లటి ఆకాశం. ఒక మూల బంగారు రంగు సూర్యుడు. అక్కడి నుంచి ఏరులా సాగే వెలుగు, ఆ వెలుగు ఒడ్డున వరసగా గ్రహాలు. 'తారాసీమ'! వేసవి సెలవులన్నీ ఆమె ఆడింది ఈ గేమే.

"మీరూ ఆడతారా అండీ ఇది?" అని అడిగేసింది. కొత్తవాళ్ళతో తనంతట తాను మాట కలపడం ఆమెకి అలవాటు లేని పని.

అతను గిరుక్కున తిరిగాడు. "ఆడటమా? చేసింది నేనేనండీ! శామ్యూల్ రాజ్. గుడివాడే మాది. మీరు నిజంగా ఆడారా? మా అమ్మ తప్ప ఆడిన ఇంకో మనిషిని నేను కళ్ళతో చూడలేదు."

"మీ అమ్మగారు ఆడతారా?"

"ఆన్ చేసి, మ్యూజిక్ విని, ఆఫ్ చేసేస్తది."

కృప నవ్వింది. తను గుడివాడలో ఒక బడిలో కంప్యూటర్ టీచరునని చెప్పింది. అంతరిక్ష నౌకలు బయల్దేరేటప్పుడు గజ్జెల చప్పుడు పెట్టాలనుందని, దాన్ని రికార్డు చేసుకోవడానికి కూచిపూడి వెళ్తున్నానని అతను చెప్పాడు.

"ఎట్టా ఉందండీ గేమ్? మొహమాటం లేకుండా చెప్పండి. కానీ ఆ శివారు గాడిలా మాత్రం చెప్పకండి."

"శివారు ఎవరండీ?" అంది కృప.

"ఎవడో! గేమ్ పేజీలో తెలుగులో రివ్యూ రాశాడు. బలాలు నాలుగు ముక్కలు, బలహీనతలు నాలుగు పేజీలు. రిటైరైన హెడ్మాస్టారై ఉంటాడు. మజ్జిగన్నం తిని, పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని, ఇవాళ ఎవర్ని ఏడిపిద్దామా అని ఆలోచించే రకం."

కృప కిటికీ వైపు తిరిగింది. మొహం దాచుకోవడానికి వాన బాగా పనికొచ్చింది. ఎందుకంటే ఆ శివారు ఆమే. దివిసీమలో, కోడూరు అవతల, కాలువ నీళ్ళు అన్నిటికన్నా ఆఖరున చేరే ఊరు ఆమెది. అందుకే ఆ పేరు పెట్టుకుంది.

"ఇంతకీ ఏం రాశాడేంటి?" అని మెల్లగా అడిగింది.

"బొమ్మలు బాగున్నాయంట. సంగీతం ఇంకా బాగుందంట. పాత కంప్యూటర్లో కూడా ఆగకుండా నడుస్తుందంట. టీ చల్లారేలోపు నేర్చేసుకోవచ్చంట. ఇంతవరకూ మంచోడే. ఆ తర్వాత మొదలెట్టాడు. సూర్యుడి పక్క గ్రహం దక్కినవాడిదే గెలుపంట. చివరి గ్రహం దక్కినవాడు ఆడినా, లేచి ఇంటికెళ్ళిపోయినా ఒకటేనంట!"

"అది అబద్ధమా?"

"స్ట్రాటజీ గేమండీ! బుర్ర పెడితే చివర్నుంచి కూడా గెలవొచ్చు."

"మీరెప్పుడైనా గెలిచారా?"

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కండక్టరు "కూచిపూడి, కూచిపూడి" అని అరిచాడు. అతను దిగి, బ్యాగు నెత్తిమీద పెట్టుకుని, వానలో నిలబడి కిటికీలోంచి తొంగిచూశాడు.

"టీచర్‌గారూ! మీ నంబరివ్వండి. చివరి గ్రహం నుంచి గెలిచి చూపించకపోతే నా పేరు మార్చుకుంటా!"

*

పేరు మార్చుకోవాల్సినంత పనైంది. కృపని ఇంటికి పిలిచి, ఆమె ఎదురుగానే, తను చేసిన ఆటలో తనే ఓడిపోయాడు. మళ్ళీ ఆడాడు, మళ్ళీ ఓడాడు. అతని తల్లి సుమలత ఆసుపత్రిలో నర్సు. జంతికల పళ్ళెం కృప ముందుకు జరిపి, "మావాడు ఇంత బుద్ధిగా ఓడిపోవడం ఇదే చూడటమమ్మా, రోజూ రా" అంది.

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో." అతను జుట్టు పీక్కున్నాడు. "చివర్లో ఉన్నవాడు ముందుకొచ్చి యుద్ధం చెయ్యాలండీ."

"నౌకలు కట్టడానికి వెలుగేదండీ? పైవాళ్ళు మొత్తం తాగేస్తుంటే?"

"పైన ఉన్నవాడు ముందు వాడుకుంటాడు కదా. అది సహజం."

ఆ మాట అతను ఎంత అమాయకంగా అన్నాడంటే కృపకి కోపం కూడా రాలేదు. కిటికీలోంచి చూస్తే వాళ్ళ చేను పచ్చగా, నిండుగా ఉంది.

"మీ పొలానికి ఎప్పుడైనా నీళ్ళు ఆలస్యమయ్యాయా?"

"ఆలస్యమవడమేంటండీ? కాలవ పక్కనేగా!"

తప్పు ప్రోగ్రాములో లేదని ఆమెకి అప్పుడు అర్థమైంది. ఎగువన పుట్టిన పిల్లవాడు తను చూసిన లోకాన్నే ఆకాశంలోనూ పెట్టాడు.

సుమలత నవ్వడం ఆపి, నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది. హైదరాబాద్ నుంచి లీలావతి అనే పబ్లిషర్ గుడ్లవల్లేరు కాలేజీకి వస్తోంది. అక్కడి విద్యార్థులు ఆడుతుంటే చూసి, ఆటని తీసుకుంటుందో లేదో అక్కడే చెప్పేస్తుంది. కాదంటే మాత్రం శామ్యూల్ అన్నీ కట్టిపెట్టి చెన్నైలో ఉద్యోగానికి వెళ్ళిపోవాలి. తల్లికి అలా మాటిచ్చాడు.

చెన్నై అన్న మాట కృపకి ఎందుకో జంతిక ముక్కలా గొంతులో గుచ్చుకుంది.

"ఈ ఆదివారం మా ఊరు రండి" అంది. "మా కాలవకి వంతు వచ్చే రోజు."

*

నీళ్ళు చాలనప్పుడు వంతులు వేస్తారు. దిగువ వంతు వచ్చిన రోజున ఎగువ ఊళ్ళ తూములన్నీ మూసెయ్యాలి. ఎవరూ దొంగతనంగా తూము తలుపు ఎత్తకుండా దిగువ ఊరి రైతులు వెళ్ళి పై తూముల దగ్గర కూర్చుంటారు. కృప తండ్రి ప్రకాశరావు టీవీఎస్ బండి మీద శామ్యూల్‌ని వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. కృప సైకిలు మీద వెనకే వచ్చింది.

తూము దగ్గర గట్టు మీద కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఎగువ ఊరి రైతు ఒకాయన క్యారియర్ పట్టుకుని వచ్చాడు. అన్నం, గోంగూర, చేపల పులుసు. విస్తళ్ళు వేసి తనే వడ్డించాడు.

శామ్యూల్ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "మావయ్యగారూ, మీరు ఆయనకి కాపలా వచ్చారు. ఆయనేమో మీకు అన్నం పెడుతున్నాడు?"

"ఆనవాయితీ బాబూ" అన్నాడు ప్రకాశరావు. "పెట్టాక వాడు తూము ఎత్తలేడు. తిన్నాక నేను వాణ్ణి తిట్టలేను. రేపు వాడి వంతొస్తే, మేమూ అడ్డుపడం."

"అయినా పులుసులో ఉప్పెక్కువేసి నా కక్ష తీర్చుకున్నాలే" అన్నాడు ఎగువ ఊరాయన.

శామ్యూల్ లేచి నిలబడ్డాడు. కళ్ళల్లో వెలుగొచ్చింది. "అతిథి నౌక!" అన్నాడు. "కృపగారూ, చివరి గ్రహం వాడు ఒక నౌకని ఎగువకి అతిథిగా పంపిస్తాడు. అది అక్కడున్నంతసేపూ ఎగువవాడు దానికి తిండి పెట్టాలి, తన తూము దింపి వెలుగు కిందికి వదలాలి. మాట తప్పితే అన్ని గ్రహాలూ వాడితో వ్యాపారం మానేస్తాయి. యుద్ధం అక్కర్లేదు. అబ్బ, ఇన్నాళ్ళూ ఆ శివారు గాడు చెప్పింది ఇదే కదా! దొరికితే కాళ్ళు మొక్కుతా."

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని కృపకి తోచింది.

"మొక్కక్కర్లేదు. అది రాసింది నేనే."

అతని నవ్వు అక్కడే నిలిచిపోయింది. "బస్సులో... నేను ఆ మాటలన్నీ అంటున్నప్పుడు..."

"వింటున్నాను."

సాయంత్రం అతను బస్సెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు.

*

ఫోను మోగలేదు. కృప బడికి వెళ్ళింది, వచ్చింది. రివ్యూ రాసేటప్పుడు కలగని భయం ఇప్పుడు కలిగింది. ఆట పోతే అతను చెన్నై వెళ్తాడు. ఆట గెలిస్తే మాత్రం తనతో మాట్లాడతాడని ఏముంది?

గుడ్లవల్లేరు వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే మెసేజ్ వచ్చింది. "కొత్తది తయారు. చివరి గ్రహం నీకే ఉంచాను. రా."

'మీకు' పోయి 'నీకు' వచ్చింది. కృప ఆ ఒక్క మాటని బస్సు దిగేదాకా చదువుకుంటూనే ఉంది.

కాలేజీ హాలు కిటకిటలాడుతోంది. శామ్యూల్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి.

"కోపం రివ్యూ మీద కాదు" అన్నాడు గబగబా. "బస్సులో నేను వాగింది తలుచుకుంటే సిగ్గేసింది. నీ మొహం ఎట్టా చూడాలో తెలీలేదు."

"ఇప్పుడు చూస్తున్నావుగా."

"చూస్తున్నాను" అన్నాడు. చూస్తూనే ఉండిపోయాడు. సుమలత వెనక నుంచి వచ్చి భుజం తట్టాల్సి వచ్చింది.

లీలావతి ముందు వరసలో కూర్చుంది. నెరిసిన జుట్టు, నవ్వని మొహం. "చివరి గ్రహం ఎవరు తీసుకుంటారు?" అంది. కాలేజీ కుర్రాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కృప చెయ్యెత్తింది.

ఆట మొదలైంది. మొదటి గ్రహం కుర్రాడు ధీమాగా వెలుగంతా తోడేసుకున్నాడు. కృప తొందరపడలేదు. ఉన్న కాస్త వెలుగుతో ఒకే ఒక్క నౌక కట్టింది, దాన్ని ఎగువకి అతిథిగా పంపింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. హాలంతా నవ్వింది.

"నా తూము దింపి వెలుగు వదలనంటే ఏం చేస్తావక్కా?" అన్నాడు ఆ కుర్రాడు.

"ఏమీ చెయ్యను. నీ ఇష్టం."

అతను దింపలేదు. అంతే! మధ్య గ్రహాలన్నీ ఒక్కొక్కటే అతనితో వ్యాపారం ఆపేశాయి. ఖనిజం రాలేదు, తిండి రాలేదు. కట్టిన నౌకలు కట్టిన చోటే నిలిచిపోయాయి. అతను బుర్ర గోక్కుని, చివరికి తూము దింపాడు. బంగారు వెలుగు ఒక్కో గ్రహాన్నీ దాటుకుంటూ కిందికి పాకింది. చీకట్లో ఉన్న చివరి గ్రహం అంచు మీద మొదట ఒక గీత, తర్వాత ఒక చంద్రవంక, తర్వాత గ్రహమంతా వెలిగింది.

హాలు లేచి నిలబడింది. ఎవరో ఈల వేశారు. కృప ఆ వెలుగుతో వరసగా నౌకలు కట్టి, వ్యాపారంలో అందరినీ దాటేసింది. గెలిచినవారిగా తన పేరు తెర మీద పడేసరికి రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టింది. అంత కేక తన గొంతులో ఉందని ఆమెకే తెలియదు. ఓడిపోయిన కుర్రాడు, "ఇంకో ఆట! ఈసారి చివరిది నాకు!" అని అరుస్తున్నాడు. అతని వెనక మరో నలుగురు అదే అడుగుతున్నారు.

లీలావతి మైకు అందుకుంది. "అక్షరాలు మరీ చిన్నవి, నా కళ్ళజోడుకి అందలేదు. కంప్యూటరే ఆడించే గ్రహాలు ఒట్టి మొద్దులు. ఆ రెండూ సరిచెయ్యాలి." ఒక్క క్షణం ఆగింది. "మిగతాది ఏమీ ముట్టుకోవద్దు. నేను తీసుకుంటున్నాను."

సుమలత కొడుకుని పట్టుకుని ఏడ్చేసింది, నవ్వేసింది.

"తయారుచేసినవాళ్ళ పేరు ఏం వెయ్యమంటారు?" అంది లీలావతి.

"రెండు పేర్లండీ" అన్నాడు శామ్యూల్. "శామ్యూల్ రాజ్, కృపాకుమారి."

"ఇంటిపేర్లు?"

"ఇద్దరికీ ఒకటే వేసేస్తే సరిపోద్దిగా" అంది సుమలత కళ్ళు తుడుచుకుంటూ.

హాలంతా గొల్లుమంది. శామ్యూల్ చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా! నేనింకా అడగనే లేదే!"

"అయితే అడుగు. మైకు ఆన్‌లోనే ఉంది."

అతను కృప వైపు తిరిగాడు. మైకుని చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు. కృప ఒక్క నిమిషం అతన్ని అలాగే ఉంచి, ఆ తర్వాత జాలిపడి తల ఊపింది. మళ్ళీ ఈలలు.

ఆమె పక్కకి వచ్చి తండ్రికి ఫోను చేసింది. హడావిడిలో స్పీకర్ బటన్ ఎప్పుడు నొక్కిందో చూసుకోలేదు.

"నాన్నా! గెలిచాం నాన్నా!"

అవతల గాలి చప్పుడు వినిపిస్తోంది. చేలో ఉన్నట్టున్నాడు.

"గెలిచాం అంటే... ఎవరెవరమ్మా?" అన్నాడు ప్రకాశరావు.

కృప పక్కనున్న శామ్యూల్‌ని చూసింది. అతను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు.

"నేనూ, శామ్యూలూ నాన్నా."

"ఊఁ" అన్నాడాయన. ఆ 'ఊఁ' లో నవ్వు దాగలేదు. "వాళ్ళమ్మగారు పీతలు తింటారో లేదో కనుక్కో. ఆదివారం భోజనానికి రమ్మను. మాట్లాడుకోవాల్సింది చాలా ఉన్నట్టుంది."

"తింటానన్నయ్యగారూ!" అని ఫోనులోకి కేకేసింది సుమలత.